చైనా సంప్రదాయ వైద్యంలో అతిమధురం వేరు: ఉపయోగాలు, మోతాదు, జాగ్రత్తలు

చైనా సంప్రదాయ వైద్యంలో అత్యధిక యోగాలలో చేరే మూలికలలో అతిమధురం ఒకటి. అక్కడ దీనిని 'గాన్ త్సావ్' అంటారు. తీపి మొక్క అని దాని అర్థం. చైనా ప్రాచీన ఔషధ గ్రంథం 'షెన్‌నాంగ్ బెన్ త్సావ్ జింగ్' దీనిని ఉత్తమ తరగతిలో, అంటే విషగుణం లేనివి, దీర్ఘకాలం సేవించినా హాని చేయనివి అని భావించిన మూలికలలో చేర్చింది. నేటి పరిశోధన ఈ వేరు ఉపయోగాన్ని కాదనలేదు. అయితే 'దీర్ఘకాలం సేవించినా హాని లేదు' అన్న భావనను మాత్రం సమర్థించడం లేదు. మేలు చేసే పదార్థమే మోతాదు, కాలపరిమితి మించినప్పుడు కీడు చేస్తుందనడానికి అతిమధురం చక్కని ఉదాహరణ.

మొక్క, సాగు

అతిమధురం చిక్కుడు కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. చైనా ఫార్మకోపియా గ్లిసిరైజా యురలెన్సిస్, గ్లిసిరైజా ఇన్‌ఫ్లేటా, గ్లిసిరైజా గ్లాబ్రా అనే మూడు జాతులను అంగీకరిస్తుంది. మన ఆయుర్వేదంలో యష్టిమధుకంగా వాడేది వీటిలో చివరిది. ఇన్నర్ మంగోలియా, నింగ్‌షియా, గాన్సు, షిన్‌జియాంగ్ ప్రాంతాలలోని వర్షపాతం తక్కువగా ఉండే ఇసుక నేలలు ఈ మొక్కకు నెలవు. లోతుగా దిగే తల్లి వేరు, నేలలో అడ్డంగా పాకే భూగర్భ కాండాలు ఇసుకను పట్టి ఉంచుతాయి. అందువల్ల విచక్షణారహితంగా తవ్వినచోట నేల కోతకు గురై ఎడారీకరణకు దారితీసింది. ఈ కారణంగానే 2000 సంవత్సరంలో చైనా ప్రభుత్వం అడవి అతిమధురం తవ్వకంపై ఆంక్షలు విధించింది.

విత్తనం పైపొర గట్టిగా ఉండటం వల్ల విత్తే ముందు దానిని గరుకుపరచవలసి ఉంటుంది. సాధారణంగా మూడు, నాలుగేళ్ల వయసులో వేరు తవ్వుతారు. ఫార్మకోపియా ప్రకారం ఎండిన వేరులో గ్లిసిరైజిక్ ఆమ్లం 2.0 శాతానికి, లిక్విరిటిన్ 0.50 శాతానికి తగ్గకూడదు. సాగు చేసిన వేరులో గ్లిసిరైజిక్ ఆమ్లం అడవి వేరులో కంటే తరచుగా తక్కువగా ఉంటుంది. అందుకే దాని శాతాన్ని పెంచడం వ్యవసాయ పరిశోధనలో ప్రధాన లక్ష్యమైంది.

సంప్రదాయ వినియోగం

పచ్చి వేరును, అంటే తేనెతో వేయించకుండా ఎండబెట్టిన ముక్కలను, దగ్గు, గొంతు నొప్పి, పుండ్లకు వాడతారు. తేనెతో వేయించిన వేరును జీర్ణశక్తి తగ్గినప్పుడు, నీరసానికి, గుండె దడకు ఇస్తారు. ఇందుకు 100 కిలోల వేరుకు 25 కిలోల తేనె కలుపుతారు. ఘాటైన ఇతర మూలికల తీవ్రతను తగ్గించి యోగాన్ని సమన్వయపరచడం దీని మూడవ పాత్ర. అందుకే దీనికి 'రాజ్యంలోని పెద్దమనిషి' అనే అర్థమిచ్చే బిరుదు కూడా ఉంది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ రచించిన 'షాంగ్ హాన్ లున్'లోని 113 యోగాలలో సుమారు 70 యోగాలలో ఈ వేరు ఉంది.

సంప్రదాయం హెచ్చరికలనూ విస్మరించలేదు. కడుపు ఉబ్బరం, ఒంటికి నీరు పట్టడం ఉన్నవారికి ఈ వేరు తగదని, గాన్ సుయి, యువాన్ హువా వంటి కొన్ని మూలికలతో కలపరాదని వైద్యులు చెబుతూ వచ్చారు.

హాని జరిగే విధానం

గ్లిసిరైజిక్ ఆమ్లం పేగులలోని సూక్ష్మజీవుల వల్ల గ్లిసిరెటినిక్ ఆమ్లంగా మారి రక్తంలో చేరుతుంది. మూత్రపిండాలలో కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. మిగిలిపోయిన కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ హార్మోను చేసే పనినే చేస్తుంది. ఫలితంగా సోడియం, నీరు శరీరంలో నిలుస్తాయి, పొటాషియం బయటకు పోతుంది. రక్తపోటు పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి, కండరాలు బలహీనపడతాయి, గుండె లయ తప్పుతుంది.

1946లో డచ్ వైద్యుడు రెవర్స్ అతిమధురం సారంతో జీర్ణాశయ పుండ్లు తగ్గడాన్ని, అదే చికిత్సలో కొందరికి వాపు రావడాన్ని ప్రచురించారు. 2020లో ప్రచురితమైన ఒక కేసులో, కొన్ని వారాలపాటు రోజూ అతిమధురం మిఠాయిని అధికంగా తిన్న 54 ఏళ్ల అమెరికా వ్యక్తి, పొటాషియం పడిపోయి గుండె ఆగి మరణించాడు. కండరాలు పట్టేసినప్పుడు ఇచ్చే పియొని–అతిమధురం కషాయమే ఎక్కువ కాలం వాడితే కండరాల బలహీనతకు కారణం కావచ్చు. గుండె దడకు ఇచ్చే యోగం విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మోతాదు లెక్క

చైనా ఫార్మకోపియా సూచించే రోజు మోతాదు 2 నుంచి 10 గ్రాములు. 2 శాతం గ్లిసిరైజిక్ ఆమ్లం ఉన్న 10 గ్రాముల వేరులో ఆ పదార్థం 200 మిల్లీగ్రాములు ఉంటుంది. క్రమం తప్పకుండా తీసుకునేవారికి రోజుకు 100 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహార శాస్త్రీయ సంఘం 2003లో సూచించింది. కషాయంలోకి మొత్తం పదార్థం దిగదు కనుక అసలు మోతాదు కొంత తగ్గుతుంది. అయినా వేరులో శాతం 4కు పెరిగితే అవే 10 గ్రాములలో 400 మిల్లీగ్రాములు ఉంటాయి. ఫార్మకోపియా ప్రమాణం కనిష్ఠాన్ని చెబుతున్నదే గాని గరిష్ఠాన్ని చెప్పడం లేదు. కాబట్టి శాతం పెంచే పరిశోధన ఆ వివరాన్ని వాడకందారుకు చేర్చే బాధ్యతనూ స్వీకరించాలి.

విస్తరణ సిబ్బంది గమనించవలసినవి

1. అధిక రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా అతిమధురం వాడరాదు.

2. మూత్రం జారీచేసే మందులు, డిజాక్సిన్ వాడేవారిలో పొటాషియం లోపం మరింత ప్రమాదకరం. వారు ఈ వేరు వాడకాన్ని వైద్యునికి తప్పక తెలపాలి.

3. మన దేశంలో అతిమధురానికి బదులుగా గురివింద వేరును అమ్మడం కద్దు. గురివింద గింజలలో అబ్రిన్ అనే తీవ్ర విషం ఉంది. రుచిని మాత్రమే నమ్మక, సూక్ష్మదర్శిని పరీక్షతోను, రసాయన పరీక్షతోను వేరును నిర్ధారించాలి.

4. సరుకుతోపాటు జాతి, పంట వయసు, గ్లిసిరైజిక్ ఆమ్లం శాతం నమోదు చేయాలి. ఈ మూడు లేనిదే మోతాదు నిర్ణయం ఊహగానే మిగులుతుంది.