రెండో మేజర్ సంగతి

చి. అమ్మలూకి,

నీ మెయిల్ చూశాను. కంప్యూటర్ సైన్స్‌కి తోడు కంప్యుటేషనల్ బయాలజీని రెండో మేజర్‌గా పెట్టుకోవాలని నీకుంది. మీ నాన్నేమో "ఉన్నది చాలక ఇంకోటి నెత్తికెత్తుకోవడం ఎందుకు" అంటున్నాడు. అన్నయ్య బెంగ ఫీజుల గురించి, అది న్యాయమే. ముందు ఆ లెక్క తేల్చేస్తాను.

మీ అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. అందులో నీ మేజర్ పోగా ఎలెక్టివ్‌లకు ఎలాగూ చోటుంటుంది. రెండో మేజర్ ఆ చోట్లోనే ఇమడాలి. ఒకే కోర్సును రెండు మేజర్లకూ ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారో అడ్వైజర్‌ని అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకో, నోటిమాట నమ్ముకోకు. ఎనిమిది సెమిస్టర్లలో పట్టకపోతే వదిలెయ్. తొమ్మిదో సెమిస్టర్ ఫీజు కట్టి సంపాదించుకోవాల్సినంత గొప్పది కాదది. వీసాకి కలిసొస్తుందని మీ రూమ్మేట్ చెప్పిందంటున్నావు, రాదు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం కంప్యూటర్ సైన్స్‌తోనే 12 నెలల ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, దాని మీద స్టెమ్ కింద 24 నెలలు వస్తాయి. మేజర్లు రెండైనా డిగ్రీ ఒకటే కాబట్టి గడువు ఒక్కరోజు కూడా పెరగదు.

డబ్బు సంగతి ఇంతే. నా అనుమానం వేరే ఉంది. నువ్వు ఎంపీసీ. పదో తరగతి పరీక్ష రాసిన రోజు మూసిన బయాలజీ పుస్తకం మళ్లీ తెరవలేదు. మన దగ్గర ఇంటర్‌లో పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని చెరో గదిలో కూర్చోబెడతారు కదా, ఆ గోడ బుర్రల్లో చాలాకాలం ఉండిపోతుంది. ఎంపీసీ వాళ్లకి బయాలజీ అంటే బట్టీ పట్టే సబ్జెక్టు, కోడ్ రాసి పక్కన పెట్టేయొచ్చనుకుంటారు. మా బైపీసీ వాళ్లకి లెక్కలంటే దడ. నేను ఆ గోడకి అవతలి నుంచి వచ్చినదాన్నే కాబట్టి ఇద్దరినీ వెనకేసుకు రాను.

ప్రొటీన్ల ఆకారం అంచనా కట్టే ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ప్రొటీన్ల పని అయిపోయిందని మీ క్లాసులో అనుకుంటున్నారని రాశావు. 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దానికే, హసాబిస్, జంపర్‌లకి వచ్చింది. నిజమే, గొప్ప పని. అయితే అది నేర్చుకున్నది ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971 నుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రేలు తీసి, ఒక్కో ప్రొటీన్‌కి ఏళ్లు ధారపోసి నింపిన నిధి అది. ఎవరూ ఆ కష్టం పడి ఉండకపోతే నేర్చుకోవడానికి ఏముండేది?

మన దగ్గరి సంగతే ఒకటి చెబుతాను, కాస్త ఓపికగా చదువు. ఆపరేషన్ ముందు శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లో పోతుంది, ఎందుకంటే రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లకి మాత్రం గంటల తరబడి ఊపిరి సొంతంగా ఆడదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. వైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఎక్కువని, వాళ్లకి ఆ మందు ఇచ్చేముందు జాగ్రత్తపడాలని మత్తు డాక్టర్లకి ముందే తెలుసు. 2017లో హైదరాబాద్ సీసీఎంబీలోని తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా మనుషుల డీఎన్ఏ డేటా పరిశీలించాయి. ఏ సమూహమైనా కొద్దిమందితో మొదలై, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే, చుట్టరికం తెలియని ఇద్దరిలో కూడా పొడవాటి డీఎన్ఏ ముక్కలు ఒకేలా ఉంటాయి. ఆ ముక్కల్ని వెతకడం శుద్ధ అల్గారిథమ్ పని, నీకు పండగలా ఉంటుంది. 81 సమూహాల్లో ఈ లక్షణం ఫిన్లాండ్ వాళ్లలో, అష్కెనాజీ యూదుల్లో కన్నా బలంగా కనిపించింది. అంటే ఆ సమూహాల్లో అరుదైన జబ్బులు ఎక్కడ వెతకాలో ఒక దారి దొరికినట్టే. వైశ్యుల సంగతిని వాళ్లు అందులో ఉదాహరణగా చూపించారు. పొడవైన ముక్క దొరికిందని ప్రోగ్రామ్ చెబుతుంది, సరే. దాంట్లో ఏ జన్యువు చూడాలి, ఏ ఆస్పత్రిలో ఏ డాక్టర్ని అడగాలి అన్నది ఎంజైమ్ గురించి తెలిసినవాళ్లకే తడుతుంది.

అందుకని రెండో మేజర్ తీసుకో, కానీ అందులో తేలిక కోర్సులు ఏరుకోకు. "బయాలజిస్టుల కోసం పైథాన్" లాంటివి నీకు దండగ. ల్యాబ్ ఉన్న జెనెటిక్స్, బయోకెమిస్ట్రీ, వాటికన్నా ముఖ్యంగా స్టాటిస్టిక్స్ తీసుకో. ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్పనిసరి అంటే జడుసుకోకు, మొదటి నెలే కష్టం.

ఇంకోటి. రెండో మేజర్ ప్రకటించే ముందు ఒక్క సెమిస్టర్ ఏదైనా వెట్ ల్యాబులో పైపెట్ పట్టుకుని పనిచెయ్. ఆర్ఎన్ఏ తీసేటప్పుడు గ్లౌజు లేని వేలు తగిలితే చాలు, చర్మం మీది ఎంజైమ్ శాంపిల్‌ని తినేస్తుంది. అది స్వయంగా చూశాక డేటాని అంత తేలిగ్గా నమ్మవు. మా దగ్గరికి ఒకసారి ఒక ఫైలు వచ్చింది. రోగులంతా ఒక గుంపుగా, ఆరోగ్యవంతులంతా ఇంకో గుంపుగా, గీత గీసినట్టు విడిపోయారు. పంపినవాళ్లు సంబరపడిపోతున్నారు. తీరా ఆరా తీస్తే రోగుల శాంపిళ్లు ఒక కిట్‌తో, మిగతావి వేరే రోజు వేరే కిట్‌తో చేశారు. విడిపోయింది కిట్లు! కోడ్‌లో తప్పేమీ లేదు.

ఎక్సెల్ మాట చెప్పకుండా ఉండలేను. సెప్ట్2 అనే జన్యువు పేరు కొడితే అది సెప్టెంబర్ 2 తేదీ చేసి పెడుతుంది. ఆ పోరు పడలేక 2020లో అలాంటి జన్యువుల పేర్లే మార్చేశారు. బిల్ గేట్స్ ముందు జీవశాస్త్రం ఓడిపోయిందని మా వాళ్లు నవ్వుకుంటారు.

చివరి సంవత్సరంలో ప్రొఫెసర్ దగ్గర రీసెర్చికి, మేజర్‌లో మిగిలిన రెండు కోర్సులకి మధ్య తేల్చుకోవాల్సి వస్తే, మేజర్‌ని మైనర్‌గా దించుకుని రీసెర్చికే వెళ్లు. పీహెచ్‌డీకి చూసేది దాన్నే.

నీ డిగ్రీ ఆడిట్ కాగితం పీడీఎఫ్‌గా పంపు, ఆదివారం కాల్‌లో ఇద్దరం వరసగా చూద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఈలోపు నువ్వు ఆ ఊసెత్తకు.

నీ
అత్త