ఎన్‌క్లెక్స్: ముందు ఏ రోగి?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు లైసెన్సుకు ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పాస్ కావాలి. హైదరాబాద్‌లోనూ పరీక్షా కేంద్రం ఉంది.

1994 నుంచి ఇది కంప్యూటర్ అడాప్టివ్ పరీక్ష. జవాబు సరైనదైతే తర్వాతి ప్రశ్న కఠినమవుతుంది, తప్పితే తేలికవుతుంది. ప్రశ్నలు 85 నుంచి 150 వరకు, గడువు 5 గంటలు. 85 దగ్గరే తెర ఆగిపోతే బెంబేలెత్తనక్కర్లేదు. పాసో ఫెయిలో 95 శాతం నిశ్చయంగా తేలిందన్నమాటే.

2023 ఏప్రిల్‌లో కేస్ స్టడీలు చేరాక బట్టీకి విలువ మరీ తగ్గింది. రక్తంలో చక్కెర 250 ఉన్న మధుమేహ రోగి, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఊపిరి పీలుస్తుంటే గొంతులో కీచుమనే శబ్దం వస్తున్న రోగి... ముందు ఎవరిని చూడాలి? రెండో వ్యక్తినే. శ్వాసమార్గం మూసుకుపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది; చక్కెర సంగతి కాసేపు ఆగగలదు. తయారీలో ఎక్కువ సమయం దక్కాల్సింది ఈ ప్రాధాన్య నిర్ణయానికే. తప్పినవారు మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి.