నీ ఫైలు నువ్వు చదివావా, చెల్లీ?

ముంబై ఇంటర్వ్యూ తేదీ వచ్చిందటగా, ఎంత చల్లని మాట చెప్పావమ్మా! హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నా, అమెరికాలో ఉన్న భర్త దగ్గరికి శాశ్వతంగా వెళ్ళే వీసా కోసం నువ్వు ముంబైలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ దాకా వెళ్ళాల్సిందే.

"ఏం అడుగుతారో, జవాబులు రాసివ్వక్కా" అన్నావు. రాసివ్వను. ముందు ఇది చెప్పు: నీ పేరున వెళ్ళిన కాగితాలు నువ్వు చదివావా? మన ఇళ్ళల్లో భార్య కోసం వేసే ఐ-130 పిటిషన్ అబ్బాయి నింపుతాడు. డీఎస్-260 అనే వీసా దరఖాస్తు అన్నయ్యో, కన్సల్టెన్సీ కుర్రాడో నింపుతాడు. అమ్మాయి పాస్‌పోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి ఊరుకుంటుంది. తీరా అక్కడ కుడిచెయ్యి ఎత్తి అంతా నిజమని ప్రమాణం చేయాల్సింది ఆ అమ్మాయే! అందుకే రెండు ఫారాల కాపీలూ ఈ రాత్రే తెప్పించుకుని అక్షరం అక్షరం చదువు. నిన్ను పోషించే బాధ్యత నాదంటూ మీ ఆయన సంతకం చేసిన ఐ-864 కూడా చూడు. అందులో ఆయన సంపాదన ఎంత రాశారో అడగడానికి మొహమాటం వద్దు, నువ్వు ఆయన భార్యవి.

మన కాగితాల్లో చిక్కంతా ఇంటిపేరుతోనూ పుట్టినరోజుతోనూ వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో అత్తవారిది. బళ్ళో వేసినప్పుడు మాస్టారు రాసిన తేదీ ఒకటి, అమ్మకు గుర్తున్నది ఇంకొకటి. ఇవి నేరాలేం కావు, కానీ తేడా ఎందుకొచ్చిందో కాగితం చూపించి చెప్పగలగాలి. జనన ధ్రువపత్రమే లేదంటే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి తోడుగా టెన్త్ మెమో పెట్టాలి. ఆ పని ఆఖరి వారానికి అట్టిపెట్టుకోకు. పోలీసు క్లియరెన్స్ (పీసీసీ) పాస్‌పోర్టు ఆఫీసు నుంచి, వైద్యపరీక్ష కాన్సులేట్ గుర్తించిన డాక్టర్ల దగ్గర. టీకాల కాగితాలు ఉంటే వెంట ఉంచుకో.

పెద్దలు కుదిర్చిన పెళ్ళంటే అనుమానిస్తారేమోనని బెంగపడుతున్నావు కదూ? ఆ కిటికీ అవతల ఉన్నవాళ్ళు అలాంటి పెళ్ళిళ్ళు రోజూ చూస్తారమ్మా. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్ళయ్యాక ఎన్నాళ్ళు కలిసున్నారు, ఆయన ఉద్యోగమేమిటి అని అడుగుతారు. మూడు వారాల సెలవులో వచ్చి, తాళి కట్టి వెళ్ళిపోయాడంటే అదే చెప్పు. బట్టీపట్టిన ప్రేమకథ కన్నా, నిన్న రాత్రి ఆయన ఫోన్లో చెప్పుకున్న ఆఫీసు గొడవే నీ మాటకు బలం. స్టూడియో ఆల్బమ్ మోసుకెళ్ళకు. తలంబ్రాల ఫోటో, ఇరువైపుల పెద్దలూ కనిపించేది, ఆయన మళ్ళీ వచ్చినప్పుడు తీసుకున్నవి కొన్ని చాలు. గుర్తులేనిది గుర్తులేదనే అను. ఎప్పుడో ఎఫ్-1 విద్యార్థి వీసా రిజెక్ట్ అయి ఉంటే అస్సలు దాచకు. అబద్ధం దొరికితే ఈ ఒక్క వీసాతో పోదు, జీవితాంతం అడ్డుపడగలదు. ఇంగ్లిషులో తడబడతాననిపిస్తే దుబాసీ కావాలని ముందే అడుగు, అందులో చిన్నతనమేం లేదు. 221(జి) అని కాగితం చేతిలో పెడితే అక్కడే ఏడవకు. చాలాసార్లు దానర్థం ఇంకో పత్రం కావాలనే.

ఇంకో సంగతుంది, పెళ్ళి మాటల్లో ఎవరూ ఎత్తరు. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అమెరికాలో దిగితే వచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్ళదే. గడువు తీరేలోగా, చివరి 90 రోజుల్లో ఆ రెండేళ్ళ షరతు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 ఫారం వేయాలి. ఆ తేదీ నీ ఫోన్లో కూడా ఉండాలి. ఇంట్లో హింస ఎదురైన భార్య ఆ ఫారాన్ని ఒంటరిగానూ వేసుకోవచ్చు, చట్టం ఆ దారి ఉంచింది. నీకు ఆ అవసరం రాకూడదనే నేను కోరుకునేది. అయినా తెలుసుకునే విమానం ఎక్కు. అన్నిటి జిరాక్సులూ ఒక సెట్టు అమ్మ దగ్గర ఉంచు, పాస్‌పోర్టు మాత్రం ఎవరడిగినా సరే, నీ దగ్గరే పెట్టుకో.