నిదానమే ప్రధానం

తెలుగులో ‘నిదానం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వాడుకలో అది తొందరపాటు లేకపోవడాన్ని తెలుపుతుంది. ఆయుర్వేదంలో లక్షణాలను బట్టి రోగకారణాన్ని నిర్ణయించడానికి నిదానమని పేరు. మాధవకరుని ‘మాధవ నిదానం’ ఈ విషయాన్ని వివరించిన ప్రసిద్ధ వైద్యగ్రంథం. కారు నడిపేవారికి ఈ రెండు నిదానాలూ అవసరమే. శరీరం వలెనే యంత్రం కూడా చెడిపోవడానికి ముందు తరచుగా కొన్ని లక్షణాలను చూపుతుంది.

ఇంజనులో ఇంధనం మండినప్పుడు పుట్టే శక్తిలో దాదాపు మూడవ వంతు మాత్రమే బండిని నడపడానికి ఉపకరిస్తుంది. మిగిలినదానిలో అధికభాగం వేడి రూపంలో వెలువడుతుంది. ఆ వేడిలో కొంత పొగగొట్టం గుండా బయటికి పోతుంది. మరికొంత వేడిని ఇంజనులో ప్రవహించే కూలెంటు అనే ద్రవం గ్రహిస్తుంది. నీటి పంపు ఆ ద్రవాన్ని రేడియేటరుకు చేరుస్తుంది. అక్కడ ఎదురుగాలి, ఫ్యాను దానిని చల్లబరుస్తాయి. చాలా కార్లలో ఈ ద్రవం సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండడం ఆరోగ్యలక్షణం.

ఒక కుటుంబం మే నెలలో హైదరాబాదు నుండి శ్రీశైలానికి కారులో బయలుదేరిందనుకోండి. కృష్ణానదిపై వంతెన దాటి సున్నిపెంట వైపు మలుపులు ఎక్కుతుండగా, ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఎర్రగీత వైపు జరగసాగింది. ముల్లు లేని కార్లలోనైతే హెచ్చరిక దీపం వెలుగుతుంది. దర్శనవేళ మించిపోతుందనే ఆత్రుతతో ముందుకు సాగితే ఇంజను పైభాగం వంగిపోవచ్చు, గాస్కెటు కాలిపోవచ్చు. అప్పుడు కొద్ది ఖర్చుతో పోవలసిన లోపానికి ఇంజనునంతా విప్పవలసి వస్తుంది.

వేడి ఎప్పుడు పెరుగుతున్నదో గమనిస్తే కారణాన్ని ఊహించవచ్చు. బండి ఆగినప్పుడు ముల్లు పైకి లేచి, వేగం అందుకోగానే దిగితే ఫ్యాను తిరగడం లేదని అనుమానించాలి. వేగంగా పోతున్నా వేడి పెరుగుతుంటే ద్రవం తగ్గిందో, రేడియేటరు పూడుకుపోయిందో చూడాలి. వేడితోపాటు బ్యాటరీ దీపం కూడా వెలిగితే బెల్టు తెగి ఉండవచ్చు. వేడెక్కిన ఇంజను కూడా తియ్యని వాసన గల తెల్లని పొగను ఆగకుండా వదులుతుంటే గాస్కెటు దెబ్బతిన్నదని సందేహించాలి. నీలిపొగ ఆయిలు మండుతున్నదనడానికి గుర్తు. ఆగిన కారు క్రింద రంగు లేని నీరు కనిపిస్తే అది సాధారణంగా ఏసీ నుండి కారినదే. రంగు గల జిగట ద్రవమైతే కూలెంటు కారుతున్నదని గ్రహించాలి. ఆయిలు ఒత్తిడిని సూచించే ఎర్రదీపం వెలిగితే మాత్రం ఆలోచనకు తావు లేదు. భద్రమైన చోట బండిని వెంటనే నిలిపి ఇంజను ఆపాలి.

ముల్లు పైకి జరగడం కనిపించగానే ఏసీని ఆపాలి. హీటరు ఉంటే దానిని పూర్తిగా తెరవాలి. మండువేసవిలో అది విపరీతంగా తోచినా, ఇంజను వేడిలో కొంత దానిద్వారా బయటికి వస్తుంది. అప్పటికీ ముల్లు దిగకపోతే మలుపు లేని చోట బండిని పక్కకు తీసి ఆపాలి.

అసలైన పరీక్ష ఆ తరువాతనే. రేడియేటరు మూత ద్రవాన్ని ఒత్తిడిలో ఉంచడం వల్ల అది 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, ద్రవం ఆవిరితో పైకి చిమ్ముతుంది. ముఖం, చేతులు తీవ్రంగా కాలిపోతాయి. కనీసం అరగంట ఆగి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మందపాటి గుడ్డతో మూతను మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోయరాదు. లోహం పగిలే ప్రమాదమున్నది.

ఆ అరగంట వృథా అయినట్లు తోచవచ్చు. కానీ కారణమెరిగి ఆగినవాడు ఆలస్యంగానైనా గమ్యం చేరుతాడు. లక్షణాన్ని చూచి కారణాన్ని తెలుసుకోవడం ఒక నిదానం; తెలిసిన తరువాత తొందరపడకపోవడం మరొక నిదానం. ఈ రెండూ కలిసినప్పుడే ప్రయాణం క్షేమంగా సాగుతుంది.

ప్రశ్నలు
1. ‘నిదానం’ అనే మాటకు గల రెండు అర్థాలను పాఠ్యాంశానికి అన్వయించి వివరించండి.
2. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎందుకు తీయరాదు?
3. ఆగినప్పుడు పెరిగే వేడికి, వేగంలో పెరిగే వేడికి కారణాలు ఎట్లా వేరవుతాయి?