చదువులో పోటీ – దాపరికం

పరీక్షలు దగ్గరపడితే హాస్టళ్లలో అందరి నోటా ఒకటే మాట: "ఏమీ చదవలేదురా!" ఆ మాట అన్నవాడే దుప్పటి ముసుగులో తెల్లవార్లూ చదువుతాడు. లైబ్రరీ పుస్తకంలో సరిగ్గా కావలసిన పేజీలే చిరిగి ఉంటాయి. ఇందువల్ల ఎవరికి లాభం? కొంచెం ఆలోచిద్దాం.

మాది బంటుమిల్లి. కృష్ణా డెల్టాలో శివారు ప్రాంతం. ఎగువవాళ్లు కాలువకు అడ్డుకట్ట వేస్తే మా చేలకు నీరందదు. నీళ్లు పంచుకుంటే తరుగుతాయి గనుక ఆ తగాదాకు అర్థముంది. చదువుకు ఆ లెక్క వర్తిస్తుందా?

35 మార్కులకు పాసయ్యే పరీక్షలో పక్కవాడి మార్కులతో మనకు పనిలేదు. ర్యాంకు పరీక్షలో మాత్రం ఒకడు ముందుకొస్తే మరొకడు వెనక్కి జరగాలి. దాపరికం పుట్టేది అక్కడే. కాని అలాంటి పరీక్ష రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు. గదిలోని స్నేహితుణ్ణి తప్పుదారి పట్టిస్తే మనకు కలిసొచ్చేది మహా అయితే ఒక్క ర్యాంకు. పోయేది మన తప్పు దిద్దే మనిషి.

భారతం ఆదిపర్వంలో కచుని కథ మనకు తెలిసిందే. మృతసంజీవని నేర్వడానికి శుక్రాచార్యుని వద్ద చేరిన కచుణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువు చేతనే తాగించారు. శిష్యుడు బయటికొస్తే గురువు బ్రతకడు. అందుకని శుక్రుడు కడుపులో ఉన్నవాడికే ఆ విద్య ఉపదేశించాడు. అంతవరకు దక్కని విద్యను కచునికి దక్కించింది రాక్షసుల కుట్రే!

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్లవారి పిల్లలను, తెల్లవారి పిల్లలను ఒకే బడుల్లో చేర్చినప్పుడు గొడవలు రేగాయి. ఇలియట్ అరాన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని భాగాలు చేసి, పిల్లల జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో భాగమిచ్చి, మిగతావాళ్లకు చెప్పమన్నాడు. తోటివాడు సరిగా చెప్తేనే తనకు పాఠం పూర్తవుతుంది. దాంతో ఎగతాళి తగ్గి, వినడం అలవాటైంది.

నేనూ తప్పు చేసినవాణ్ణే. ఒకసారి బందరు బస్సులో స్నేహితుడు ముఖ్యమైన ప్రశ్నలడిగితే, కావాలనే రాని అధ్యాయం చెప్పాను. పాపం, రాత్రంతా అదే చదివాడు. మర్నాడు హాల్లో నాకొచ్చిన లెక్కలో గుర్తు తారుమారు చేశాను. అతనితో కలిసి ఒక్కసారి ఆ లెక్క చేసి ఉంటే వెంటనే పట్టేవాడు. ఆ తరువాత అతను నన్నేదీ అడగలేదు. పోయిన మార్కులు మళ్లీ వచ్చాయి. ఆ అడగడం మాత్రం రాలేదు.

మిత్రులారా! ఈసారి ఎవరైనా నోట్సు అడిగితే ఇచ్చి చూడండి. ఇచ్చేముందు ఒక్కసారి వివరించి చెప్పండి. మనకెంత వచ్చో అప్పుడే తెలుస్తుంది.