తొమ్మిది చోట్లు వద్దు బిడ్డా

చందూర్



నువ్వు పంపిన ఒక్కరోజు యాత్ర కార్యక్రమం ఫోన్లో చదివాను. ఉద్యోగం మానేసి వచ్చి ఈ పని పెట్టుకున్నావని మీ అమ్మ దిగులు పడుతోంది. నాకు దిగులు లేదు. మన ఇందూరు (నిజామాబాద్) జిల్లాను చూపించడానికి మన ఇంటి ఆడపిల్ల పూనుకున్నందుకు నాకు సంతోషమే. కాని నువ్వు రాసిన పట్టీ చూశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున అలీసాగర్, తరవాత జానకంపేట అష్టముఖి కోనేరు, అశోక్‌సాగర్, బాసర, కందకుర్తి, బోధన్, నిజాంసాగర్, బడాపహాడ్, చివరికి డిచ్‌పల్లి రామాలయం. అన్నీ అయ్యాక చేతిపనుల షాపింగుకు అరగంట. ఇన్ని చోట్లు తిరిగిన మనిషికి ఇంటికి వెళ్ళాక బస్సు సీటు తప్ప ఏం గుర్తుంటుంది? పైసలు తీసుకున్నాం కాబట్టి ఎక్కువ చూపించాలన్న నీ నిజాయితీ నాకు అర్థమైంది. అయినా నా మాట విని మూడు చోట్లే పెట్టుకో. ఒక గుట్ట, ఒక పాత కట్టడం, ఒక తండా. పొద్దు మిగిలితే నది.

దారి ఇట్లా పెట్టుకో. నిజామాబాద్ నుంచి మోస్రా మీదుగా మన చందూర్, అక్కడి నుంచి బడాపహాడ్, వర్ని, రుద్రూర్, బోధన్, రెంజల్, కందకుర్తి. తిరుగు దారిలో జానకంపేట వైపు నుంచి నిజామాబాద్ చేరుకోవచ్చు. మధ్యాహ్నం భోజనానికి చందూర్ రావడం తప్ప, వెళ్ళిన దారిన మళ్ళీ రావలసిన పని లేదు.

బడాపహాడ్ గుట్ట పొద్దున్నే ఎక్కించాలి. బండలు ఎండకు కాలితే మెట్ల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. వర్నికి, చందూర్‌కు నడుమ ఆ గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉంది. ముస్లింలతో పాటు చుట్టుపక్కల హిందువులూ అక్కడ మొక్కులు చెల్లిస్తారు. నీ వెంట వచ్చేవాళ్ళకు కిందనే చెప్పు, అది మొదట మొక్కుల చోటు, ఆ తరవాతే చూసే చోటు అని. తలమీద గుడ్డ, నెమ్మదైన మాట, ప్రార్థిస్తున్నవాళ్ళ ముఖాలకు ఎదురుగా ఫోన్ పెట్టకపోవడం. ఈ మూడూ బస్సు దిగకముందే చెప్పేస్తే పైన నువ్వు ఎవరినీ మందలించే అవసరం రాదు.

పైకి వెళ్ళాక అందరూ పొలాల వైపే చూస్తారు. నువ్వు వాళ్ళను కాళ్ళకింది రాయి వైపు తిప్పు. దక్కను గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. భూమి లోపల చాలా లోతున, కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. దాని మీదున్న పొరలన్నీ కోట్ల ఏళ్ళ వానకూ గాలికీ అరిగిపోయాక ఇది బయటపడింది. పైబరువు తగ్గేసరికి నెర్రెలు విచ్చింది, ఆ నెర్రెల్లోకి నీళ్ళు దిగి మూలలు కరిగించాయి. చదరంగా ఉన్న బండ గుండ్రంగా మారి గుండు అయ్యింది. ఒక గుండు పక్కన కూర్చోబెట్టి, పొర లేచిన చోట చేయి పెట్టించు. ఉల్లిగడ్డ పొరలాగా పలచటి పెచ్చు వేలికి తగులుతుంది. ఆ పెచ్చులో మెరిసేది అభ్రకం, తెల్లగా గాజులాగా ఉన్నది స్ఫటికం, లేత గులాబీ రంగుది ఫెల్స్‌పార్. ఈ మూడింటినీ వాళ్ళే వెతికి పట్టుకోవాలి, నువ్వు తొందరపడి చూపించకు. ఎవరూ ఎత్తి పెట్టకుండా గుండు మీద గుండు ఎట్లా నిలబడిందో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడే ఇంకొక మాట చెప్పు. పడమరగా జుక్కల్, మద్నూరు వైపు వెళితే ఈ గ్రానైటు కనిపించదు. అక్కడ సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కింద పారిన లావా గట్టిపడిన నల్లరాయి ఉంటుంది. దాని నుంచి పుట్టిందే నల్లరేగడి. మన జిల్లా రెండు వేర్వేరు కాలాల రాళ్ళు కలిసే అంచున ఉంది. మన పక్క చెలక ఎర్రగా, అటు చేను నల్లగా ఎందుకుంటుందో బడిలో నేను పిల్లలకు ఇట్లాగే చెప్పేవాణ్ణి. పుస్తకంలో చదివినప్పుడు తల ఊపిన పిల్లలు, మట్టి చేతిలోకి తీసుకున్నాక ప్రశ్నలు అడిగేవాళ్ళు.

గుట్ట దిగాక తండా. చేతిపనిని నువ్వు అన్నిటికన్నా చివర అరగంటకు తోసేశావు. నా మాట విని ఇక్కడే ఎక్కువ సేపు పెట్టు. చేతిపని చూడటానికి వెలుతురు కావాలి, తీరిక కావాలి. చీకటి పడ్డాక దుకాణంలో దొరికేది సామానే, పని కనిపించదు.

లంబాడా ఆడవాళ్ళు ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (ముసుగు) మీద వేసే కుట్టుపని చూపించు. పెద్దవయసు వాళ్ళే ఇప్పుడు ఆ బట్టలు రోజూ కట్టుకుంటున్నారు. అద్దం ఎట్లా కుడతారో దగ్గరగా చూడమని చెప్పు. అద్దపు బిళ్ళకు తూటు ఉండదు, జిగురూ వాడరు. బిళ్ళను బొటనవేలితో బట్ట మీద అదిమిపట్టి, ముందు దాని మీదుగా అటొక దారం ఇటొక దారం అడ్డంగా, నిలువుగా వేస్తారు. ఆ నాలుగు దారాల మధ్య బిళ్ళ కదలకుండా చిక్కుకుంటుంది. తరవాత ఆ దారాలనే పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ వస్తే అంచు బిగుస్తుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే ఎంత అందంగా కుట్టినా ఉతికినప్పుడు అద్దం ఊడిపోతుంది. మీ వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి సూది ఇచ్చి ఒక్క అద్దం కుట్టమను. ఆ తరవాత ధర దగ్గర బేరం ఆడే నోరు వాళ్ళకే రాదు. మిషను కుట్టుకూ చేతి కుట్టుకూ తేడా తెలియాలంటే బట్టను తిరగేసి చూడమని చెప్పు, వెనకవైపు అంతా చెప్పేస్తుంది.

డబ్బుల విషయం ఇంకా ముఖ్యం. పని చూపించినందుకు కూలి వేరు, కొన్న వస్తువుకు ధర వేరు. ఆమె ఒక పూట చేను పని మానుకుని మీ ముందు కూర్చుంటుంది. ఎవరూ ఏమీ కొనకపోయినా ఆ పూట కూలి ముందే ఆమె చేతిలో పెట్టు. కూలి ఎంత అన్నది నువ్వు నిర్ణయించకు, ఆమెనే అడుగు. అక్కడ కమీషన్ తీసుకోకు. నీ లాభం టికెట్‌లో చూసుకో. ఫోటో తీసే ముందు అడగాలి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. ఎవరినీ ఆడమనీ పాడమనీ అడగొద్దు. వాళ్ళు ఎవరి ముందో ప్రదర్శన ఇవ్వడానికి అక్కడ బతకడం లేదు.

ఎవరో ఒకరు నిర్మల్ బొమ్మలు అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేసే నకాషీ కళాకారుల పని అది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని నిర్మల్ ఆర్మూరు మీదుగా గోదావరి దాటి వెళ్ళాల్సిన చోటు. దాన్ని ఈ రోజులో ఇరికించకు. ఆర్మూరు నవనాథ సిద్ధులగుట్ట, నిర్మల్, బాసర కలిపి ఇంకొక రోజు పెట్టు. ఇందూరు ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం మరొక రోజు. ఖిల్లా జైలులోనే కవి దాశరథి కృష్ణమాచార్యులు, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్నారు. ఆ గోడల మీద దాశరథి నిజాంకు ఎదురు నిలిచి పద్యం రాశాడు. ఆ ఖిల్లాను దారిలో పది నిమిషాలకు ముగిస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే.

మధ్యాహ్నం భోజనం మన ఇంట్లో. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, వర్ని బియ్యం అన్నం. మీ పెద్దమ్మ ఇప్పటికే లెక్కలు వేస్తోంది. తింటున్నప్పుడు కాలువ కథ చెప్పు. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయ్యింది, కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి దిగారు. పేరు చివర క్యాంపు అని ఉన్న మన పక్క ఊళ్ళన్నీ అప్పటి బసలే. వాళ్ళ వంటా మన వంటా తొంభై ఏళ్ళుగా ఒకే సంతలో కూరగాయలు కొంటున్నాయి.

బోధన్‌కు ఎండ తగ్గాక వెళ్ళండి. ఇక్కడ నువ్వు చాలా పైలంగా ఉండాలి. ఎందుకో చెప్పేముందు ఊరి పాతదనం విను. బుద్ధుడి కాలంలోని పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన మన బోధనే అని చరిత్రకారులు గుర్తించారు. జైనుల కథల్లో బాహుబలి ఊరు పోదనపురం. అక్కడ ఆయన అన్న భరతుడు నిలబెట్టించిన బాహుబలి విగ్రహాన్ని చూడాలని బయలుదేరిన గంగరాజుల మంత్రి చాముండరాయడే, పదో శతాబ్దం చివర శ్రవణబెళగొళలో ఆ 57 అడుగుల విగ్రహం చెక్కించాడని చెబుతారు. కర్ణాటక వెళ్ళి దాన్ని చూసి వచ్చిన మనవాళ్ళు ఎంతోమంది ఉంటారు. వాళ్ళలో బోధన్ పేరు తలుచుకున్నవాళ్ళు నాకు కనిపించలేదు. నువ్వు తలపించు.

నేను పెట్టుకోమన్న పాత కట్టడం ఇక్కడి దేవల్ మసీదే. దాని దగ్గర కథ ఒక్కముక్కలో చెప్పకు. రాష్ట్రకూట ఇంద్రుడు ఇక్కడ ఇంద్రనారాయణ ఆలయం కట్టించాడని 1056 నాటి చాళుక్య శాసనం వల్ల తెలుస్తోంది. ఈ కట్టడాన్ని జైన ఆలయం అన్నవాళ్ళూ ఉన్నారు. తుగ్లక్ కాలంలో మసీదుగా మారింది, ఆ కాలపు పారశీక శాసనాలు ఉన్నాయి. ముందు ఏమీ చెప్పకుండా కట్టడం చుట్టూ నడిపించు. గోడ నేరుగా సాగకుండా కోణాలు కోణాలుగా లోపలికీ బయటికీ తిరుగుతుంది. పైనుంచి చూస్తే నక్షత్రం. మీద గుమ్మటాలు, కింద చెక్కిన స్తంభాలు. చూడటం అయ్యాక ఎవరు కట్టారో, ఎవరు మార్చారో అంతా చెప్పు, ఏదీ దాచకు. బృందంలో ఎవరో ఒకరు గొంతు పెంచుతారు. అప్పుడు తీర్పు చెప్పే పని నీది కాదు. శాసనంలో ఏముందో అంతవరకే నీ మాట. ఈ రాళ్ళ పేరు మీద ఈ ఊళ్ళో మనుషులు మళ్ళీ మళ్ళీ కొట్లాడుకోవడం నాకు ఇష్టం లేదు, నీ బస్సు దానికి కారణం కావొద్దు. ముందు రోజే అక్కడి పెద్దలను కలిసి అడిగి, వాళ్ళు ఎంతవరకు రమ్మంటే అంతవరకే వెళ్ళు.

బోధన్ దాటేముందు శక్కర్‌నగర్ రోడ్డు మీద బస్సు ఒక్క నిమిషం ఆపించు. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. సీజన్‌లో మన ఊరి చెరుకు బండ్లు రాత్రంతా వరుసలో నిలబడేవి, మడ్డి వాసన దూరం నుంచే తెలిసేది. చెరుకు వేసిన మడుల్లో ఇప్పుడు వరి ఉంది. వెయ్యేళ్ళ శిథిలం ముందు నిట్టూర్చేవాళ్ళు పదేళ్ళ శిథిలాన్ని కూడా చూడాలి. ఈ చిమ్నీ కింద జీతం తీసుకున్నవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు.

పొద్దు మిగిలితే కందకుర్తి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే చోటు. మంజీర మహారాష్ట్రలో పుట్టి తూర్పుగా వచ్చి, తరవాత ఉత్తరానికి తిరిగి మన దగ్గర గోదావరిని చేరుతుంది. నది నడుమ రాతి శివాలయం ఉంది. వరద వస్తే మునుగుతుంది, నీళ్ళు తగ్గితే బయటపడుతుంది. పైన మహారాష్ట్రలో గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు ఎత్తి ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మిగతా నెలల్లో అవి మూసి ఉంటాయి కాబట్టి, వేసవిలో వచ్చేవాళ్ళకు ఇసుకే ఎక్కువ కనిపిస్తుందని టికెట్ అమ్మేటప్పుడే చెప్పు. పచ్చటి ఫోటో చూపించి ఎండిన నదికి తీసుకెళ్ళడం మోసం. నీళ్ళలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వకు. ఇసుక తీసిన గుంటలు పైకి కనిపించవు. 2027 పుష్కరాలప్పుడు అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు, ఆ రోజుల్లో ఈ యాత్రే పెట్టుకోకు.

బస్సులో మైకు వద్దు. పదిహేను మందికి మించి ఎక్కించకు, నీ మామూలు గొంతు వాళ్ళకు వినిపించాలి. తాగే నీళ్ళు క్యాన్లలో పెట్టుకుని ఎవరి సీసా వాళ్ళు నింపుకోమను, గుట్ట మీద ప్లాస్టిక్ ఒక్కటి మిగిలినా అది నీ పేరు మీదే మిగులుతుంది. ఆడవాళ్ళకు మూత్రశాల ఎక్కడెక్కడ ఉందో ముందే చూసి రాసుకో. ఇది చిన్న విషయం అనుకుని వదిలేసినవాళ్ళ యాత్రలకు ఆడవాళ్ళు రెండోసారి రారు.

తేదీ అప్పుడే ప్రకటించకు. ముందు తండాకు వెళ్ళి ఆ తల్లులతో కూర్చుని మాట్లాడు. చేనుపని లేని రోజు ఏదో వాళ్ళనే చెప్పమను. ఆ రోజునే నీ యాత్ర పెట్టుకో.

ఇట్లు,
నీ పెద్దబాపు