కదిలే మంచు మీద కొలత పరికరాలు

శంషాబాద్ ప్రాంతంలో ఉండే మనకు విమానాల మోత కొత్త కాదు. విమానం దిగే ముందు పైలట్‌కు గాలి ఎటు వీస్తోందో, రన్‌వే ఎంత దూరం కనిపిస్తోందో తెలియాలి. అందుకే విమానాశ్రయంలో వాతావరణ పరికరాలు అమర్చుతారు. ఇక్కడ స్తంభం పాతితే పదేళ్ళయినా అక్కడే ఉంటుంది. మరి కాలి కింద నేలే కదిలిపోయే చోట పరికరం ఎలా పెడతారు? ఆర్కిటిక్ సముద్రంలో శాస్త్రవేత్తలకు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఉత్తర ధ్రువం వద్ద భూమి లేదు. సముద్రమే పైన గడ్డకట్టి ఉంటుంది. ఉప్పునీరు కాబట్టి సున్నా దగ్గర కాక, సుమారు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. కుల్ఫీ అమ్మే అన్న ఐసులో ఉప్పు వేయడంలో ఉన్న సూత్రం కూడా ఇదే. ఈ మంచు పలకలు గాలికి, నీటి ప్రవాహానికి కొట్టుకుపోతూ ఉంటాయి.

మంచు ఎంత మేర పరుచుకుందో ఉపగ్రహాలు చెబుతాయి. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయింది. కానీ మందం తెలుసుకోవడం పై నుండి అంత సులభం కాదు. అందుకే మంచుకు రంధ్రం చేసి, వరుసగా ఉష్ణమాపకాలు ఉన్న తీగను నీటిలోకి దింపుతారు. రంధ్రం మళ్ళీ గడ్డకట్టి తీగను పట్టుకుంటుంది. చలికాలంలో మంచు పైభాగం బాగా చల్లగా, అడుగుభాగం నీటి ఉష్ణోగ్రతతో సమానంగా ఉంటుంది. ఉష్ణోగ్రత మారడం ఎక్కడ ఆగిందో అదే మంచు అడుగు! పరికరం మంచుతోపాటే ప్రయాణిస్తూ, తాను ఉన్న చోటును, కొలతలను ఉపగ్రహం ద్వారా పంపుతుంది.

ఇలాంటి పనిలో మన దేశం కూడా ఉంది. 2014 జూలై 23న నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియోర్డెన్ వద్ద, 192 మీటర్ల లోతు నీటిలో 'ఇండార్క్' అనే పరికరాల సముదాయాన్ని లంగరు వేశారు. చెన్నై, గోవా సంస్థలతోపాటు మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలకూ ఇందులో భాగం ఉంది. ఇది నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహం వంటివి కొలుస్తుంది. నెలల తరబడి సూర్యుడు ఉదయించని చలికాలంలో, మనిషి వెళ్ళడం కష్టమైన వేళ కూడా దీని పని ఆగదు. ఓడలో వెళ్ళి పైకి తీసినప్పుడు ఆ కొలతలు చేతికొస్తాయి. ఒక్క చలికాలం లెక్క తప్పిపోతే దాన్ని మళ్ళీ ఎవరూ కొలవలేరు.

అంత దూరపు మంచుతో మనకేం పని అంటారా? ఆర్కిటిక్ మార్పులకూ, మన అమ్మానాన్నలు ఎదురుచూసే వానలకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నారు. ఆ పరిశోధనకు ఈ కొలతలే ఆధారం.

మిత్రులారా! సముద్రమే లేని హైదరాబాద్‌లో సముద్రాన్ని చదివే సంస్థ 1999 నుండి పనిచేస్తోంది. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. ఫిజిక్స్, లెక్కలు, ఎలక్ట్రానిక్స్ చదివితే ఏం వస్తుందని మమ్మల్నీ అడిగారు. ఆ చదువులకు ఇలాంటి దారులు కూడా ఉన్నాయని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పడానికే ఈ వ్యాసం రాశాం. ల్యాబ్‌లో థర్మామీటర్ పట్టినప్పుడు రీడింగ్ శ్రద్ధగా రాయండి. ధ్రువం దగ్గర చేసే పని కూడా అక్కడి నుండే మొదలవుతుంది.